బరువైన కారు, వేడెక్కిన బ్రేకులు: ప్యాడ్లు కొనే ముందు ఏం చూడాలి

బరువైన కారులో నాలుగైదు సార్లు గట్టిగా బ్రేక్ వేయగానే బండి ఆగనంటుంది. వెంటనే అందరూ అడిగేది ఏ ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే దిమ్మలు) కొనాలనే. అప్పుడు పెడల్ ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. సగం జవాబు అక్కడే ఉంది.

పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతోంది
ఇది ప్యాడ్ల తప్పు కాదు, ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే బ్రేక్ ద్రవం) మరిగింది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి. తేమ పీల్చి అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మొత్తం మార్చి, బ్లీడ్ చేయండి, అంటే గొట్టాల్లోని గాలి బయటికి తీయండి.

పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగట్లేదు
ఇది ప్యాడ్ల దగ్గరి సమస్యే. అయినా అప్పుడే కొనేయకండి. చాలా కార్లలో చక్రం సందుల్లోంచి చూస్తే కనిపించేది బయటి ప్యాడే. అది మందంగా ఉంటే 'బాగానే ఉంది' అనేసుకుంటారు. విప్పి చూస్తే లోపలిది రేకు దాకా అరిగిపోయి ఉంటుంది! పిస్టన్ (ప్యాడ్‌ను నెట్టే భాగం) ఒకవైపే ఉండే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బిగింపు) స్లైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. పిన్ను పట్టేస్తే పనంతా, వేడంతా ఒక్క ప్యాడ్ మీదే పడుతుంది. ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా అదీ అలాగే మాడుతుంది. పెడల్ అంతగా తేడాగా అనిపించకపోవచ్చు కాబట్టి మెకానిక్కులూ దీన్ని దాటేస్తారు.

పిన్నులు వేళ్లతో నెడితే జారాలి. లాగి, తుప్పూ పాత గ్రీజూ తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. బేరింగ్ గ్రీజు వద్దే వద్దు, రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. కొన్ని కాలిపర్లలో ఒక పిన్ను కొసకే రబ్బరు తొడుగు ఉంటుంది, ఆ పిన్నుల్ని తారుమారు చేయకండి.

రెండు ప్యాడ్లూ సమంగా అరిగి, పైన గాజులా మెరుస్తుంటే, అప్పుడు కొనండి. రోడ్డు మీద వాడటానికే చేసిన పెర్ఫార్మెన్స్ రకం చాలు. రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, డిస్కుల్నీ తినేస్తాయి.

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది
డిస్క్ వంగిందంటారు. ఎక్కువసార్లు అది ప్యాడ్ పదార్థం మచ్చలుగా అంటుకోవడమే. అలా కాకుండా, కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద, పూర్తిగా ఆగకుండా, వేగం నుంచి పలుమార్లు నెమ్మదించి, తర్వాత బ్రేక్ తాకకుండా చల్లారేదాకా నడపండి. వేడి మీద ఆగి పెడల్ తొక్కి పట్టుకోకండి.

ఫ్లూయిడ్ వెళ్లే రబ్బరు హోస్ ఉబ్బడం, పెడల్ తొక్కితే ఆ ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పోవడం అరుదు. ఇవన్నీ చూశాకే అటు వెళ్లండి.