న్యూరాన్ నమూనాను ముందు సొంతంగా రాసి చూడండి
బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కళాశాలల్లో గణితమో భౌతికశాస్త్రమో చదివి కంప్యుటేషనల్ న్యూరోసైన్స్‌లోకి (మెదడు పనితీరును గణితంతో, కంప్యూటర్‌తో అధ్యయనం చేసే శాస్త్రంలోకి) రావాలనుకునే మన విద్యార్థులు, పెద్ద సిమ్యులేటర్ల జోలికి వెళ్లకముందే ‘లీకీ ఇంటిగ్రేట్ అండ్ ఫైర్’ న్యూరాన్ నమూనాను పైథాన్‌లో స్వయంగా రాయడం మంచిది. ఈ నమూనాలో నాడీకణంలోకి వచ్చే విద్యుత్ ప్రవాహం వల్ల దాని వోల్టేజీ పెరుగుతుంది, కొంత కారిపోతూ ఉంటుంది, ఒక హద్దు చేరగానే ‘స్పైక్’ అనే క్షణికమైన విద్యుత్ సంకేతం వెలువడుతుంది. పాత ల్యాప్‌టాప్ చాలు. నెట్ లేకపోయినా నడుస్తుంది.

విశ్రాంతి వోల్టేజీని −65 మిల్లీవోల్టులుగా, స్పైక్ హద్దును −50గా, కాలస్థిరాంకాన్ని (వోల్టేజీ ఎంత వేగంగా మారుతుందో చెప్పే విలువను) 20 మిల్లీసెకన్లుగా తీసుకుని, ప్రతి స్పైక్ తర్వాత వోల్టేజీని తిరిగి −65కు దించుతూ, 0.1 మిల్లీసెకను అంచెలతో నడపండి. విద్యుత్ ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చే విలువ 15 మిల్లీవోల్టులు దాటనంతవరకు ఒక్క స్పైక్ కూడా రాకూడదు. అది 20 అయితే, 4 యొక్క సహజ సంవర్గమానాన్ని 20తో గుణించినప్పుడు వచ్చే దాదాపు 27.7 మిల్లీసెకన్లకు ఒక స్పైక్ చొప్పున రావాలి. ఆ అంకె రాలేదంటే తప్పు ప్రోగ్రాములోనే ఉన్నట్టు. తెర మీది ఫలితాన్ని ఇలా కాగితం మీది లెక్కతో సరిచూసుకునే అలవాటు, నా దృష్టిలో, నాలుగు ఆన్‌లైన్ సర్టిఫికెట్ల పెట్టు.

స్క్విడ్ నరతంతువు మీది కొలతల ఆధారంగా 1952లో వెలువడిన, స్పైక్ ఎలా పుడుతుందో వివరించే హాడ్జ్‌కిన్-హక్స్‌లీ సమీకరణాలను ఆ తర్వాతే పట్టండి. ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు రాసేటప్పుడు ఈ ప్రోగ్రామును, గ్రాఫును జతచేయండి. గణిత, జీవశాస్త్ర విభాగాలు రెండూ ఉన్న ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా, పరిశోధన సంస్థ) బరంపురంలోనే ఉంది కనుక మొదటి ఉత్తరం బెంగళూరుకే రాయనక్కరలేదు.