వరంగల్ నుంచి బ్రిటన్‌లో ఇంగ్లిష్ కోర్సుకు

కోర్సు 6 నెలల లోపైతే స్టాండర్డ్ విజిటర్ వీసా చాలు. 6 దాటి 11 నెలల దాకా అయితే షార్ట్ టర్మ్ స్టడీ వీసా, దాంతోపాటు టీబీ పరీక్ష సర్టిఫికెట్ కావాలి. రెండింటి మీదా పార్ట్‌టైమ్ ఉద్యోగం కుదరదు. "అక్కడికి పోయాక చూసుకోవచ్చు" అనే ఏజెంటును అస్సలు నమ్మొద్దు.

ఫీజు కట్టేముందు స్కూలును అడగండి: గుర్తింపు ఎవరిచ్చారు, క్లాసులో ఎందరు, పాఠం ఎన్ని నిమిషాలు? వారానికి 20 పాఠాలంటే 20 గంటలనుకుంటారు. పాఠం 45 నిమిషాలదైతే దక్కేది 15 గంటలే.

వీసా దరఖాస్తులో ఎక్కువగా తేడా కొట్టేది బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గరే. పత్తి అమ్మిన డబ్బు ఖాతాలో ఒక్కసారిగా పడితే ఎక్కడిదని అనుమానిస్తారు. ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీ (పంట అమ్మినప్పుడు ఇచ్చే రసీదు) జతచేయండి. అది తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, దాని మీద అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, ఫోన్ నంబరు ఉండాలి.

వీసాకు వేలిముద్రలు హైదరాబాద్‌లో ఇవ్వొచ్చు.