విందుకెళ్లి ఆకలితో తిరిగొస్తున్న కొత్త వీగన్లకు: తేడా ఎక్కడ కొడుతోంది?

ఫంక్షన్ అయిన మర్నాడు, మాంసంతోపాటు పాలు, గుడ్లు కూడా మానేసిన కొత్త వీగన్ల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. "తినడానికి ఏమీ దొరకలేదు", "అత్తయ్యతో గొడవైంది", "తినేశాక తెలిసింది, అందులో వెన్న ఉందట." అందరినీ నేను మొదట అడిగేది ఒక్కటే: వంట చేసేవాళ్లకు ముందే చెప్పారా? అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "వాళ్లకి తెలుసు కదా" అంటారు.

తెలియదు. మీరు మూడు నెలల క్రితం ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఎవరికీ గుర్తులేదు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

లక్షణం: వెళ్లాక ప్లేటులో పెట్టుకోవడానికి ఏమీ లేదు

కారణం పైన చెప్పిందే. చెప్పలేదు, లేదా చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. పిలిచింది బావ, వండేది అక్క. మీరు బావకు చెప్పి ఊరుకుంటే ఆ కబురు వంటగది దాకా వెళ్లదు.

మూడు నాలుగు రోజుల ముందు, సరుకులు కొనకముందే, వండే మనిషికే ఫోన్ చేయండి. "నాకోసం విడిగా ఏమీ చెయ్యొద్దు. ఏమేం చేస్తున్నావో చెప్పు చాలు, నేను తినగలిగేవి చూసుకుంటా. ఒకటి నేనే వండి తెస్తాను." అంతే. వీగన్ అంటే ఏమిటో అప్పుడు ఉపన్యాసం అక్కర్లేదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పాలతో చేసినవి, తేనె తిననని చెబితే సరిపోతుంది.

తెచ్చేది మీ ఒక్కరికి సరిపడా చిన్న డబ్బాలో తేకండి. మూలన కూర్చుని సొంత డబ్బా తెరిస్తే ఆస్పత్రిలో పథ్యం తింటున్నట్టు ఉంటుంది, వచ్చిన ప్రతివాళ్లూ జాలిపడతారు. పదిమందికి సరిపడా చేసి మిగతా వంటకాల పక్కనే పెట్టండి. అది వీగన్ అని ప్రకటించకండి కూడా. గిన్నె ఖాళీ అవుతుంది. అందుకే మీకు కావాల్సింది మొదటి విడతలోనే పెట్టుకోండి. నేను ఒకసారి మర్యాదకు పోయి చివర్లో వెళ్తే గరిటె మాత్రమే మిగిలింది.

బయల్దేరే ముందు ఇంట్లో ఏదైనా కాస్త తినండి. దీని విలువ కింద మాటల యుద్ధం దగ్గర తెలుస్తుంది.

లక్షణం: "పాలు లేవు, నీకోసమే చేశాం" అన్నారు. తిన్నాక చూస్తే ఉన్నాయి

నన్ను బాగా దెబ్బకొట్టింది ఇదే. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

వీగన్ అయిన మొదటి ఏడాది పిన్ని వాళ్లింట్లో విందు. ముందే ఫోన్ చేశాను. వెళ్లాక కూడా "ఇందులో పాలు ఏమీ లేవు కదా పిన్నీ" అని అడిగాను. "చుక్క కూడా లేదురా, నీకోసం జాగ్రత్తగా చేశాను" అంది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. బాగుంది, ఎలా చేశావని అడిగితే ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. చివర్లో: "దించే ముందు రెండు చెంచాల నెయ్యి వేశా, అందుకే ఆ వాసన."

పిన్ని అబద్ధం చెప్పలేదు. ఇది అర్థం కావడానికే నాకు చాలాకాలం పట్టింది. ఆవిడ దృష్టిలో పాలంటే గిన్నెలో ఉండే తెల్లటి పాలు. నెయ్యి వేరు. వంట చేసేవాళ్లు ఆ కూర కోసం ప్రత్యేకంగా తీసిన సరుకులను లెక్కపెడతారు. రోజూ పొయ్యి పక్కనే ఉండేవాటిని, చెయ్యి అలవాటుగా అందుకునేవాటిని లెక్కపెట్టరు. మూకుడుకు రాసిన వెన్న "సరుకు" కాదు. అవునా కాదా అన్న ప్రశ్నకు జవాబు జ్ఞాపకంలోంచి వస్తుంది, ఆ జ్ఞాపకంలో ఈ రెండు చెంచాలు ఉండవు.

"అందుకే వీగన్ అని స్పష్టంగా చెప్పాలి" అంటారు కొందరు. సాయపడదు. ఆ మాట పుట్టిందే ఈ గందరగోళంలోంచి. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయనతో ఉన్న కొద్దిమంది, వెజిటేరియన్ అంటే పాలూ గుడ్లూ తినేవాళ్లనే అర్థం స్థిరపడిపోయిందని, ఆ మాట ఇంగ్లిష్ స్పెల్లింగులో మొదటి మూడు, చివరి రెండు అక్షరాలు తీసుకుని వీగన్ అనే కొత్త మాట కట్టారు. ఎనభై ఏళ్లు దాటినా మీ పెదనాన్నకు రెండూ ఒకటే. మీరు వీగన్ అంటే ఆయనకు "శాకాహారి, కాకపోతే కాస్త మొండివాడు" అని వినిపిస్తుంది.

కాబట్టి పేరు వదిలేయండి. "ఇందులో పాలున్నాయా" అన్న ప్రశ్న కూడా వదిలేయండి. "ఎలా చేశావు, మొదటినుంచీ చెప్పు" అని అడగండి. వండినవాళ్లకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు, తనిఖీకి వచ్చినట్టూ అనిపించదు. వాళ్లు చెబుతుంటే మూడు చోట్ల చెవి పెట్టండి.

ఒకటి, పొయ్యి వెలిగించాక మూకుట్లో మొదట పడ్డది ఏమిటి? నూనా, వెన్నా, నెయ్యా? రెండు, చిక్కదనం ఎక్కడినుంచి వచ్చింది? మీగడ, పెరుగు, పాలపొడి దూరేది ఇక్కడే. సూప్‌లా పలచగా ఉండేదైతే నీళ్లతో చేశారా, మాంసం ఉడికించిన నీళ్లతోనా, రుచి కోసం ప్యాకెట్‌లోంచి ఏదైనా కలిపారా అన్నది కూడా. మూడు, దించే ముందు, దించాక పైన ఏం వేశారు? మూడోదే అసలు దొంగ. ఎందుకంటే మీరు పొద్దున ఫోన్లో అడిగినప్పుడు అది ఇంకా జరగలేదు. "లేవు" అన్న జవాబు ఆ క్షణానికి నిజమే.

పరిష్కారం కూడా ఆ మూడో చోటే ఉంది. అరగంట ముందే వెళ్లండి. వంటగదిలోకి వెళ్లి ఏదో ఒక పని అందుకుని, "పైన నెయ్యి వేసేముందు నాకో గిన్నె పక్కన తీసిపెట్టు" అని చెప్పండి. వాళ్లకు అదనపు వంట లేదు, మీకు అందరూ తినేదే తిన్న తృప్తి. చాలా వంటకాల్లో ఇది కుదురుతుంది. మొదటినుంచీ పాలలోనే ఉడికినవాటికి కుదరదు, వాటి జోలికి పోకండి.

ప్యాకెట్లోంచి వచ్చినవాటికి వండినవాళ్లను అడిగి లాభం లేదు, వాళ్లకూ తెలియదు. డబ్బా వెనక చూడండి. కేసిన్, కేసినేట్, వే (whey) అని ఉంటే అది పాలే. లాక్టోజ్ లేదు అని రాసున్నది కూడా పాలే, అందులోని చక్కెరను విడగొట్టారంతే. కాఫీలో కలిపే నాన్ డైరీ పొడుల్లో కూడా సోడియం కేసినేట్ ఉండొచ్చు, పేరు చూసి మోసపోకండి. అల్బుమిన్ అంటే సాధారణంగా గుడ్డు తెల్లసొన. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. వణికే జెల్లీలు, సాగే మిఠాయిలు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. సముద్రపు నాచుతో చేసే అగర్ అయితే ఇబ్బంది లేదు. రొట్టె పైభాగం నిగనిగలాడుతుంటే గుడ్డు పూసి కాల్చారేమో అడగండి.

ఇంత చేసినా ఒకరోజు తినేస్తారు. సగం తిన్నాక తెలుస్తుంది. అప్పుడేం చేయాలి? ప్లేటు పక్కన పెట్టి ఇంకొకటి తినండి, అంతే. మీ వీగన్‌తనం ఒక్క చెంచా నెయ్యితో కరిగిపోదు. నేను ఆరోజు పిన్నితో అందరి ముందూ "ఇంత చెప్పినా నెయ్యి ఎలా వేశావు?" అన్నాను. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. పిన్ని ఏమీ అనలేదు. ఆ తర్వాత రెండు విందుల్లో "నువ్వేం తింటావో నాకు తెలీదురా, నీది నువ్వే తెచ్చుకో" అంది. నెయ్యి సంగతి అరిగిపోయింది కానీ ఆ మాట అరగడానికి ఏడాది పట్టింది. కాబట్టి మర్నాడు ఫోన్ చేసి, ముందు బాగున్నదేదో చెప్పి, తర్వాత "ఈసారి నా గిన్నె తీశాక నెయ్యి వెయ్యి పిన్నీ" అని చెప్పండి. మనసు నొప్పించని సమయం అదొక్కటే.

లక్షణం: భోజనాల దగ్గర మాటల యుద్ధం

ప్రోటీన్ ఎక్కడినుంచి వస్తుంది? మొక్కలకు ప్రాణం లేదా? ఎడారి దీవిలో చిక్కుకుంటే ఏం తింటావు? ఈ మూడూ మీకు ప్రతిచోటా ఎదురవుతాయి, వరస కూడా దాదాపు మారదు.

ఇక్కడ చాలామంది వాదనలో బలం లేక ఓడిపోయామనుకుని, ఇంటికొచ్చి ఇంకా వీడియోలు చూస్తారు. లోపం వాదనలో లేదు. వాదించిన సమయంలో ఉంది. అవతలివాళ్లు చేతిలో ముద్ద పట్టుకుని ఉన్నప్పుడు, ఆ ముద్ద ఎందుకు తప్పో చెబితే ఎవరూ వినరు. పైగా మీరు ఆకలి మీద ఉన్నారు. బయల్దేరే ముందు తినమన్నది ఇందుకే.

"తిన్నాక చెప్తా" అనండి. పదిమందిలో తొమ్మిదిమంది తిన్నాక మళ్లీ అడగరు. అడిగిన ఆ ఒక్కరికి నిజంగా తెలుసుకోవాలని ఉంది, వాళ్లతో తీరిగ్గా కూర్చోండి. ప్రోటీన్‌కు ఒక్క వాక్యం చాలు: పప్పులు, చిక్కుళ్లు, సోయా. దీవి ప్రశ్నకు నవ్వు చాలు.

కానీ ఎవరైనా విటమిన్ బి12 గురించి అడిగితే దబాయించకండి. ఆ విషయంలో వాళ్లదే ఒప్పు. మొక్కల ఆహారంలో నమ్ముకోదగ్గ బి12 ఉండదు. మాత్రగానో, బి12 కలిపి తయారుచేసిన ఆహారంగానో తీసుకోవాల్సిందే. "అవును, మాత్ర వేసుకుంటున్నాను" అనండి. నిజం ఒప్పుకున్న మనిషి మీద దాడి ముందుకు సాగదు. వేసుకోకపోతే, విందు సంగతి తర్వాత, ముందు ఆ పని చూడండి.

ఇక అమ్మమ్మల సంగతి వేరే. వాళ్లు వాదించరు, బాధపడతారు. "నా చేతి వంట వద్దనుకున్నావా" అన్నది అసలు బాధ, పాల గురించి కాదు. దానికి ప్రోటీన్ లెక్కలు చెప్పి ప్రయోజనం లేదు. ఆవిడ చేసేవాటిలో నూనెతో అయ్యేది ఒకటి చూసుకుని, వెళ్లిన ప్రతిసారీ అదే అడిగి చేయించుకోండి.

ఒకటి నిజాయితీగా చెప్పుకోవాలి. మొదటి ఆరు నెలల్లో గొడవ మొదలుపెట్టేది చాలాసార్లు మనమే. పక్కవాళ్ల ప్లేటు వైపు మనం చూసే చూపు చాలు. నాకు ఆ చూపు ఉండేదని మా చెల్లి చెప్పేదాకా తెలియలేదు.

మిగతావి, త్వరగా

ఒకే గరిటెతో అన్నీ వడ్డిస్తున్నారు: మీకు అభ్యంతరమో కాదో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి, అక్కడ కాదు. నేను పట్టించుకోను. అలర్జీ ఉంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టండి, అది వేరే జాగ్రత్త. వీగన్ అని రాసి ఉన్నంతమాత్రాన అలర్జీకి భద్రం అని అర్థం కాదు.

వైన్, బీర్: కొన్నింటిని తేటపరచడానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్, గుడ్డు తెల్లసొన, కేసిన్ వాడతారు. సీసా మీద రాసి ఉండకపోవచ్చు. పార్టీ మధ్యలో దీని మీద పరిశోధన వద్దు, నీళ్లు తాగండి.

ఎర్ర రంగు మిఠాయిలు: కార్మైన్ లేదా ఇ120 అని ఉంటే పురుగుల నుంచి తీసిన రంగు. అరుదుగానే తగులుతుంది.

హోటల్లో పార్టీ: మెనూ ముందురోజే చూసుకుని ఫోన్ చేసి అడగండి. రద్దీ వేళ వెయిటర్‌ని నిలబెట్టి అడిగితే ఆయన కూడా మా పిన్నిలాగే "లేవు సార్" అంటాడు.

ఎవరైనా కావాలని మాంసం కలిపి పెట్టడం: అందరూ భయపడతారు, ఇన్నేళ్లలో నేను ఒక్కసారే చూశాను. చేసినవాళ్ల ఇంట్లో మళ్లీ తినకండి.

పుట్టినరోజు కేకు: పాటకు చప్పట్లు కొట్టండి, ముక్క చేతికిస్తే తీసుకుని పక్కనున్న పిల్లలకు ఇచ్చేయండి. వద్దని వివరిస్తూ నిలబడితే కేకు కోస్తున్నవాళ్ల వెనక లైను ఆగిపోతుంది.