కార్టిసాల్ పరీక్షకి ముందు ఇవి చూసుకోండి

మొహం ఉబ్బితే, కార్టిసాల్ అనే హార్మోన్ ఒంట్లో ఎక్కువై వచ్చే కుషింగ్ జబ్బు ఉందేమోనని ఈ పరీక్ష చేస్తారు. ముందుగా స్టెరాయిడ్ వాడకం మొత్తం డాక్టర్‌కి చెప్పండి. మాత్రలే కాదు, ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్, మోకాలికి వేయించుకున్న ఇంజెక్షన్, తామరకని షాపులో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంట్ కూడా లెక్కే, మొహం ఉబ్బడానికి అసలు కారణం అదే కావచ్చు. అలాగని మీ అంతట మీరు ఠక్కున ఆపేయొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతో జబ్బు లేకపోయినా రక్తంలో కార్టిసాల్ ఎక్కువగా కనబడుతుంది.

కార్టిసాల్ తగ్గుతుందో లేదో చూడ్డానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర డెక్సామెథసోన్ 1 మి.గ్రా. రాత్రి 11-12 మధ్య వేసుకోవాలి, రక్తం పొద్దున 8-9 మధ్య ఇవ్వాలి. మాత్ర మర్చిపోతే రక్తం ఇవ్వకండి. కార్టిసాల్ డెసిలీటరుకి 1.8 మైక్రోగ్రాములు దాటితే అనుమానమే, జబ్బు ఖాయమైనట్టు కాదు, ఇంకో రకం పరీక్షలోనూ తేడా రావాలి.

కృష్ణపట్నం పోర్టులో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి అర్ధరాత్రి లాలాజలంలో కార్టిసాల్ చూసే పరీక్ష నప్పదు, ఒంటి గడియారమే తిరగబడి ఉంటుంది.

ఏసీటీహెచ్ (కార్టిసాల్ తయారీని నడిపించే హార్మోన్) రక్తం శాంపిల్ నెల్లూరు నుంచి చెన్నై పంపుతున్నారా? ఐసులో పెట్టారో లేదో గట్టిగా అడగండి, బయట ఉంటే తక్కువ చూపిస్తుంది.