మేడ మీది కుండీల్లో రంగుల పంట: నీలి, బంతి

బట్టలకు రంగులద్దడానికి ఇంట్లోనే మొక్కలు పెంచదలచినవారు నీలితోనూ బంతితోనూ మొదలుపెట్టడం మేలు. పసుపుకొమ్ము రంగు సులువుగానే పట్టినా ఎండకు త్వరగా వెలిసిపోతుంది. పూర్వం కోరమండల్ తీరపు అద్దకాలకు ఎరుపునిచ్చిన చిరువేరును మొక్క మొత్తం పీకితే తప్ప వాడుకోలేము కనుక అది కుండీలకు లాభసాటి కాదు.

నీలిగింజ పైపొర గట్టిది. దానిని రాత్రంతా నానబెట్టి, నీరు నిలవని మట్టిలో, పూర్తి ఎండ తగిలేచోట విత్తాలి. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క కనుక ఎరువు కొంచెమే చాలు. సుమారు మూడు నెలలకు, పూత మొదలయ్యే వేళకు, జానెడు మోడు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

రంగు ఆకులోనే ఉంటుంది. కోసిన రెమ్మలను వాడిపోకముందే నీటిలో ముంచి, తేలకుండా బరువు పెట్టి, ఒక రాత్రి ఊరనివ్వాలి. మర్నాడు రెమ్మలు తీసేసి, ఆ నీటిలో కొద్దిగా సున్నం కలిపి, చెంబుతో పైకెత్తి పోస్తూ ఓపికగా చిలకాలి. గాలి తగిలేకొద్దీ నురుగు నీలమెక్కుతుంది, అసలు రంగు అడుగున పేరుకుంటుంది. ఈ ముద్ద నీటిలో కరగదు కనుక, సున్నంతోపాటు మగ్గిన అరటిపండ్లను ఉడికించి వడకట్టిన రసాన్ని కలిపి, గోరువెచ్చగా మూసి ఉంచి, ద్రవం పసుపుపచ్చకు మారిన తరువాతే తడిబట్టను ముంచాలి. పైకి తీసినప్పుడు ఆకుపచ్చగా కనిపించే బట్ట చూస్తుండగానే నీలమవుతుంది. ఆ మార్పు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. సున్నంతో పనిచేసేటప్పుడు చేతికి తొడుగులు తప్పనిసరి.

బంతి పెంపకం తెలిసినదే. విచ్చిన పూలను ఎప్పటికప్పుడు కోసి నీడన ఆరబెట్టుకోవచ్చు. అయితే నీలికి అక్కరలేని కరక్కాయ, పటిక దీనికి కావాలి, ఎందుకంటే నూలుపోగు బంతిరంగును తనంతట తాను పట్టి ఉంచదు. పెడన కలంకారీలోనూ బట్టను మొదట కరక్కాయ నీటిలోనే ముంచుతారు. గంజి పోయేలా ఉడికించి ఉతికిన 100 గ్రాముల నూలు బట్టను 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి ఆరబెట్టి, తరువాత 15 గ్రాముల పటిక కరిగించిన నీటిలో మరో రాత్రి ఉంచాలి. బట్టతో సమానమైన బరువుగల ఎండు పూలను గంటసేపు ఉడికించి, వడకట్టి, అందులో బట్టను సన్నని సెగపై ముప్పావుగంట కలుపుతూ ఉండాలి. ఇనుప పాత్ర రంగును నల్లబరుస్తుంది కనుక స్టీలు గిన్నె వాడాలి. దానిని మళ్ళీ వంటకు వాడకూడదు.

ఆకుపచ్చ కావాలంటే బట్టను ముందు నీలిలో ముంచి, బాగా జాడించి, ఆ తరువాతే కరక్కాయ, పటిక, బంతి వరుసలో నడపాలి. క్రమం తిరగబడితే నీలి తొట్టిలోని సున్నం పసుపును పాడుచేస్తుంది.