కాళ్లకు ఎక్కువ జాగా ఉన్న సీటులో ఉచిత పానీయం అందకపోతే

అమెరికా దేశీయ విమానాల్లో కాళ్లు చాపుకునే జాగా ఉన్న సీటు కొన్నంత మాత్రాన బీరు, వైను ఉచితమని అనుకోకూడదు. ఇలాంటి సీట్లను ఒక్కో సంస్థ ఒక్కో పేరుతో అమ్ముతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మెయిన్ క్యాబిన్ ఎక్స్‌ట్రాలోనూ, అలాస్కా ఎయిర్‌లైన్స్ ప్రీమియం క్లాస్‌లోనూ అవి సీటుతోపాటే వస్తాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఎకానమీ ప్లస్‌లో మాత్రం దేశీయ ప్రయాణాల్లో వాటికి డబ్బు కట్టాలి. కాబట్టి సీటు కొనేముందే ఈ వసతి ఏయే విమానాలకు వర్తిస్తుందో సంస్థ వెబ్‌సైటులో చదివి, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అసలు చిక్కు విమానంలో మొదలవుతుంది. ఈ సీట్లకు వేరే గది గాని, తెర గాని ఉండదు; ఒకే బండి, ఒకే సిబ్బంది ఈ తరగతికీ, మామూలు ఎకానమీకీ వడ్డిస్తారు. ముందు వరుసలవారికి అడక్కుండానే ఉచితంగా ఇచ్చి, అదే తరగతికి చెందినా మధ్యలో రెక్కల దగ్గరున్న అత్యవసర ద్వారం వరుసకు వచ్చేసరికి డబ్బు కోసం కార్డు అడగడం అందుకే జరుగుతుంది. ఇది దురుద్దేశం కన్నా హడావిడి వల్లే ఎక్కువని నా అభిప్రాయం. అందువల్ల పానీయం చెప్పేటప్పుడే, కార్డు తీయకముందే, మీ సీటు ఏ తరగతిదో మర్యాదగా చెప్పి, బోర్డింగ్ పాస్ చూపించండి.

కుదుపుల వల్ల వడ్డన ఆపితే వాదించకండి. వయసు 21 నిండనివారికి మద్యం ఇవ్వరు. సొంత సీసా తెచ్చుకుని తాగడం అక్కడి ఫెడరల్ నిబంధనలకు విరుద్ధం.

డబ్బు తీసుకుంటే రసీదు దాచి, విమానం సంఖ్య, తేదీ, సీటు సంఖ్య రాసి, చెల్లించిన మొత్తాన్ని తిరిగి ఇమ్మని సంస్థ ఫిర్యాదుల విభాగానికి క్లుప్తంగా రాయండి.