ఈ-సిగరెట్ ట్యాంకు మరమ్మతు – మూడవ పాఠం: కారే ట్యాంకు, అందని కనెక్షన్

క్రిందటి పాఠంలో ట్యాంకును విప్పి, గాజు గొట్టం, కాయిల్ (ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట), అడుగు భాగం, రబ్బరు రింగులు ఏ పని చేస్తాయో చూశాం. ఈసారి ట్యాంకు కారడాన్నీ, బ్యాటరీ ఉన్న పరికరం తెరమీద ‘చెక్ అటామైజర్’ (ట్యాంకుకు కరెంటు సరిగా అందడం లేదన్న హెచ్చరిక) అని రావడాన్నీ కలిపే చెబుతున్నాను. నా అనుభవంలో రెండవది చాలాసార్లు మొదటిదాని నుంచే పుడుతుంది. భారతదేశంలో 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది కనుక, ఈ పాఠాలు బ్రిటన్‌లో ఉంటూ సిగరెట్టు మానడానికి వీటిని వాడుతున్న పెద్దవారి కోసమేనని మళ్ళీ మనవి చేస్తున్నాను.

ద్రవాన్ని కాయిల్‌లోని దూది ఒక్కటే ఆపుతుందనుకోవడం పొరపాటు. మూత సరిగా బిగిసి ఉంటే లోపలి గాలి పీడనం బయటికన్నా కాస్త తక్కువగా ఉంటుంది. ఆ తేడాయే ద్రవాన్ని కిందికి జారనివ్వదు. పైమూత రింగు చిట్లినా, మడతపడినా గాలి లోపలికి చొరబడుతుంది, ద్రవం కాయిల్ రంధ్రాల గుండా గాలిదారిలోకి దిగిపోతుంది. అందుకే అడుగున కారే ట్యాంకుకు తప్పు తరచు పైన ఉంటుంది. ఇది తెలియక నేను రెండు మంచి కాయిల్స్ పారేశాను. రాజమండ్రి ఇంకు పెన్నుతో రాసినవారికి ఇలాంటిదే మరొక సంగతి గుర్తుండాలి: సిరా తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి, పాళీ బొట్లు కక్కేది. సగం ఖాళీ ట్యాంకును జేబులో వేసుకున్నా, విమానం ఎక్కినా అదే జరుగుతుంది. ప్రయాణానికి ముందు దాన్ని ఖాళీ చేయడం మేలు.

ట్యాంకును పూర్తిగా తుడిచి, మడిచిన తెల్లని టిష్యూ కాగితంమీద నిలబెట్టి పది నిమిషాలు ఆగండి. గాజు, అడుగు భాగం కలిసే అంచున చెమ్మ ఊరితే కింది రింగు మార్చాలి. గాలి రంధ్రాల నుంచి వస్తే కాయిల్ చివరిదాకా బిగిసిందో లేదో, పైరింగు సరిగా ఉందో లేదో చూడాలి. రెండూ బాగుంటే ద్రవమే పలుచన కావచ్చు: నిరోధం 0.5 ఓమ్‌కు తక్కువైన కాయిల్స్‌కు సాధారణంగా పెద్ద రంధ్రాలుంటాయి కాబట్టి, గ్లిసరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ సగానికి సగం పాళ్ళలో ఉన్న ద్రవం కాక గ్లిసరిన్ 70 శాతం ఉన్న చిక్కని ద్రవం వాడాలి. నింపేటప్పుడు నడిమి గొట్టంలో చుక్క పడనీయకండి. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది, చేతికి అంటితే వెంటనే కడుక్కోవాలి.

ఇక కనెక్షన్. 510 మర (ట్యాంకును పరికరానికి బిగించే ఒక ప్రామాణిక మరచుట్టు) ఉన్న ట్యాంకుల్లో అడుగున నడుమనున్న పిన్ను ధన ధ్రువం, చుట్టూ ఉన్న మర ఋణ ధ్రువం. కారిన ద్రవం పిన్నుమీద జిగురులా పేరుకుంటే విద్యుత్తు సరిగా అందదు. పరికరాన్ని ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రెండు వైపులా తుడిచి, ఆరాక చేతి బిగువుతోనే బిగించండి. బలం కొద్దీ తిప్పితే పరికరంలోని పిన్ను లోపలికి అణిగిపోతుంది. సూదితో పైకి లాగబోవద్దు, షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

అప్పటికీ పనిచేయకపోతే ట్యాంకును విడదీసి, మల్టీమీటరు తీగ ఒకటి పిన్నుకు, మరొకటి మరకు తాకించండి. తీగల సొంత నిరోధం తీసేశాక, కాయిల్‌మీద ముద్రించిన అంకెకు దగ్గరగా రావాలి. అంకె రాకపోతే కాయిల్ తగలడం లేదు, లేదా తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే ఆ కాయిల్‌ను పారేయాలి. అంకె సరిగానే ఉంటే లోపం పరికరంలో ఉంది, దాన్ని నాలుగవ పాఠంలో విప్పుదాం.